పొట్లం మీద అంకె

చిక్కడపల్లిలో మా మర ఆగిందంటే
వీధికి చెవిపోటు తగ్గినట్టుంటుంది.
ఇరవై ఆరేళ్ళుగా నేను గింజలు పోస్తున్నాను,
మొగులయ్య పొట్లాలు కడుతున్నాడు.
ఇద్దరి కనుబొమల మీదా
కడిగినా పోని గోధుమరంగు.

నాకు మనుషులు పేర్లతో గుర్తుండరు.
సగం ప్లాంటేషన్, సగం పీబెర్రీ: మేడమీద వకీలు.
వందకి నలభై చికోరీ: మెస్సు రంగనాయకమ్మ.
డికాషన్ నల్లగా కనిపిస్తే చాలు ఆవిడకి,
ఎవరు మేలుకున్నారో, ఎవరు తూగారో ఆవిడకెందుకు?
ఉత్త రోబస్టా: గాంధీ ఆసుపత్రి నర్సు ఫిలోమినా.
నైట్ డ్యూటీ వారం అదొక పొట్లం,
పగటి వారం చికోరీ కలిపింది ఇంకోటి.
రెండూ ఒకే డబ్బాలో పోయొద్దని
ప్రతిసారీ చెప్తాను,
ప్రతిసారీ నవ్వి పోతుంది.

ఒక శనివారం, వానలో, హిమజ వచ్చింది.
గొడుగు కంటే ముందు కడుపు లోపలికొచ్చింది.
"రోజుకి రెండొందల మిల్లీగ్రాములు దాటొద్దంది డాక్టరు.
మీ పొడిలో కప్పుకి ఎంత కెఫీన్ ఉంటుంది?"
మొగులయ్య తక్కెడ వంక చూశాడు.
"మిల్లీలల్ల మా తాన రాళ్ళు లేవు బిడ్డా."

నాకు తెలిసింది చెప్పాను.
అరకు కొండమీది గింజలో కొంచెం,
రోబస్టాలో దానికి దాదాపు రెండింతలు.
పురుగు తిరిగే పల్లంలో బతకాల్సిన మొక్క,
చేదుని ఒళ్ళంతా నింపుకుంటుంది మరి.
చికోరీలో సున్నా. అది గింజే కాదు, వేరు.
మాడ్చి వేపితే మత్తు వదులుతుందనుకుంటారు,
మంట రంగు మారుస్తుంది గానీ
మెలకువ జోలికి పెద్దగా పోదు.
మాల్‌లో ఇచ్చే ఎస్ప్రెస్సో ఉందే,
గుక్కకి గుక్క కొలిస్తే అదే మొనగాడు.
గ్లాసు పక్కన గ్లాసు పెట్టు,
మన ఫిల్టర్‌దే పైచేయి.
డికాఫ్ అంటే అసలు లేదని కాదు,
బాకీ తీర్చేశానన్న వాడి దగ్గర
మిగిలిపోయిన వడ్డీలాంటిది.
ఇక రెండో డికాషన్...
మా అమ్మ పిల్లలకి పోసేది అదే.
సారమంతా మొదటి నీళ్ళే ఎత్తుకుపోయేవి,
మాకు వాసన, చక్కెర, పెద్దవాళ్ళమయ్యామన్న గర్వం.

అంతా విని ఆ పిల్ల
"అంకె చెప్పండి" అంది.

ఆ రాత్రి మా మేనకోడలు ఫోన్లో వెతికింది.
ఒకచోట అరవై, ఒకచోట తొంభై అయిదు,
ఇంకోచోట నూట నలభై. అన్నిటి పేరూ కప్పు కాఫీయే.
ఏ కప్పు? ఎవరి చెంచా?
నీళ్ళు పైగిన్నెలో ఎంతసేపు కూర్చున్నాయి?
ఇరవై ఆరేళ్ళు నేనమ్మినదేమిటో
నాకే తెలియదన్నమాట.

మర్నాడు చెంచా, ఫిల్టరూ తెమ్మన్నాను.
తెచ్చింది. అత్తగారిదట, అడుగున సొట్ట.
బంగారం కొట్టు జ్ఞానేశ్వర్‌ని బతిమాలి
చిన్న తక్కెడ అరువు తెచ్చాం.
తలకొట్టిన చెంచాకి ఎనిమిది గ్రాములు.
అందులో చికోరీ తీసేసి, అరకు గింజ పాలు లెక్కేసి,
పిప్పిలో మిగిలేది వదిలేసి,
చెవి వెనక పెన్సిల్ తీసి పొట్లం మీద రాశాను:
కప్పుకి యాభై. అటూ ఇటూ పది.
ఆ 'అటూ ఇటూ' రాయడానికే
ఎక్కువసేపు పట్టింది.
"మధ్యలో ఇరానీ చాయ్ తాగితే?"
"అది నా శాఖ కాదమ్మా,
ఎదురు హోటల్లో అడుగు."

చలికాలంలో మళ్ళీ వచ్చింది,
భుజం మీద బొంతచుట్ట, కళ్ళకింద నల్లచారలు.
"ఒక్క మిల్లీగ్రాము లేకుండా
తెల్లారి మూడింటిదాకా మేలుకుంటోందండీ ఇది!"
మొగులయ్య చెయ్యి లుంగీకి తుడుచుకుని
చూపుడువేలు అందించాడు.
పిల్ల పట్టుకుంది, వాసన చూసినట్టు ముక్కు ముడిచింది,
తుమ్మింది.

నేను పెన్సిల్ తీశాను,
మళ్ళీ చెవి వెనకే పెట్టుకున్నాను.
"పాత పాళ్ళేనా?" అన్నాను.
"పాతవే," అంది, "పావుకిలో ఎక్కువ."